లెక్కకు మించిన వలయం

మూడో వలయం అక్కడ ఉండకూడదు. మైక్రోస్కోపు నుంచి కన్ను తీసి, రెప్పలు గట్టిగా మూసి తెరిచి, మళ్లీ చూశాను. ఉంది. నానబెట్టిన సగ్గుబియ్యపు గింజలా తేటగా మెరుస్తున్న గుడ్డు, దాని మధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని రెండు గుండ్రటి వలయాలు, వాటి వెనక నుంచి తొంగి చూస్తూ ఇంకొకటి. రెండుంటే పండగ. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది, రెండూ కలిస్తే ఒక మనిషికి మొదలు. మూడుంటే, ఒక్క వీర్యకణం దూరవలసిన గుడ్డులోకి రెండు దూరాయని అర్థం. అలాంటిదాన్ని పారేయాలి. పుస్తకం ఆ ఒక్క మాటే చెబుతుంది. పుస్తకం రాసినవాడికి ఈ గుడ్డు మా వదినదని తెలియదు.

వదిన బయట బెంచీ మీద ఉంది. జమున వదిన. ఉదయం నేను లోపలికి వస్తుంటే ఏమీ అడగలేదు, నా చేతిలో టిఫిన్ డబ్బా చూసి తిన్నావా అని మాత్రం అడిగింది. పక్కన మా అన్న ఉపేందర్, రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి నేరుగా వచ్చినవాడు, ఎంత రుద్దినా పోని బొగ్గు గీతలు కనురెప్పల అంచున కాటుకలా మిగిలి, గోడకు తల ఆనించి నోరు తెరిచి నిద్రపోతున్నాడు. సొంతవాళ్ల కేసు నువ్వు ముట్టుకోకు హర్షిణీ అని డాక్టరమ్మ అన్న మాట నిజమే. మరెవరు ముట్టుకుంటారు, కింద మందుల షాపు ఎల్లన్నా? గోదావరిఖని మొత్తంలో గుడ్డునూ వీర్యాన్నీ గాజు డిష్‌లో కలిపి, మర్నాడు పొద్దున కలిశాయో లేదో చూసి చెప్పే పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందుకే నిన్న మా అన్న ఇచ్చిన శాంపిల్ డబ్బా మీద పేరు చదవకుండా నంబరు మాత్రం చూసుకుని పని మొదలుపెట్టాను. వదిన నుంచి దొరికినవి మూడు గుడ్లు. ఒకటి ఇంకా పండని పచ్చిది. ఒకదాని దరిదాపుల్లో ఎవరూ తలుపు తట్టిన ఆనవాలే లేదు. మిగిలింది ఇది. ఈ వయసులో, ఈ ఒంటితో ఇంకోసారి మందులిచ్చి గుడ్లు తీయనని, ఇదే ఆఖరని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. కాబట్టి ఇప్పుడు నా కన్ను కింద ఉన్నది ఒక గుడ్డు కాదు. మా ఇంటి పిల్లల లెక్క మొత్తం ఇదే.

డిష్‌ను తీసుకెళ్లి ఇంక్యుబేటర్‌లో పెట్టేశాను. బయట ఎక్కువసేపు ఉంచితే చల్లబడుతుంది, కాసేపు చూడాలి, లోపల పెట్టాలి, ఆగాలి, మళ్లీ చూడాలి. ఆ ఆగడం దగ్గరే మనిషి బుర్ర పాడవుతుంది. ఎందుకంటే నాకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఈ వలయాలు ఎప్పటికీ ఉండవు. మధ్యాహ్నానికల్లా ఒక్కొక్కటే కరిగి మాయమైపోతాయి, గుడ్డు రెండు ముక్కలవుతుంది, ఆ తర్వాత ఎంత పెద్ద మైక్రోస్కోపు పెట్టి చూసినా లోపలికి ఎంతమంది వచ్చారో ఎవరూ చెప్పలేరు. తనను తానే కడిగేసుకునే నేరస్థలం. సాక్షి ఒక్కరే. ఆ సాక్షి ఇప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, అసలు నేను చూడకపోతే ఏమయ్యేది అని ఆలోచిస్తోంది. పొద్దున బస్సు ఆలస్యమై ఉంటే? ఎన్టీపీసీ గేటు దగ్గర లారీ అడ్డం తిరిగి, నేను మధ్యాహ్నం దాకా అక్కడే ఇరుక్కుపోయి ఉంటే? వచ్చేసరికి బుద్ధిగా రెండు ముక్కలైన గుడ్డు కనిపించేది, కలిసింది వదినా అని నవ్వుతూ చెప్పేదాన్ని, ఆ నవ్వు అబద్ధం కూడా అయ్యేది కాదు. తెలియనితనానికి పాపం అంటదు. మరి తెలిసిన తర్వాత కళ్లు మూసుకుంటే?

అసలు రెండోది ఎలా దూరింది? ఇది నన్ను చదువుకునే రోజుల నుంచీ వదలని ప్రశ్న. వేల కణాలు గుడ్డు చుట్టూ ముసురుకుంటాయి, తోకలు కొట్టుకుంటూ, జాతర గుంపులా. మొదటిది లోపలికి తల పెట్టగానే గుడ్డు తన చర్మం కింద దాచుకున్న చిన్న చిన్న మందు గుళికలను పగలగొట్టి బయటికి వదులుతుంది, దాంతో పై పెంకు బిరుసెక్కిపోతుంది, మిగతావన్నీ బయటే తలబాదుకుని అలిసిపోతాయి. అంటే తలుపు ఉంది, గడియ ఉంది. కానీ గడియ పడటానికి కొంచెం వ్యవధి కావాలి. ఆ కొంచెంలోనే ఎవరో వేగంగా వచ్చారు. లేదా గడియే వదులుగా ఉంది. అనుమానితులు ముగ్గురు. గుడ్డు ముదిరిపోయి ఉండవచ్చు. వాడిన మందు తేడా చేసి ఉండవచ్చు. మూడో పేరు చెప్పడానికి మనసు రాదు కానీ చెప్పాలి: నేను. కణాలు ఎక్కువ వదిలానా? లేదు, చూసుకునే వేశాను, రెండుసార్లు చూసుకున్నాను. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు సైరన్ మోగి, కిటికీ అద్దాలు ఒకసారి వణికి ఊరుకున్నాకే డిష్ బయటికి తీశాను, ఈ రూలు ఏ పుస్తకంలోనూ లేదు, బొగ్గు బావుల పక్కన గుడ్లు కలిపేవాళ్లకే ఉంది. మరి ఎక్కడ జరిగింది తప్పు? ఏ తప్పూ లేకుండా కూడా జరుగుతుందని అంటారు. తప్పు లేని తప్పు. నాకు అదే ఎక్కువ భయం.

కోళ్లకు ఈ బాధ లేదు. కాలేజీలో ఇది విన్న రోజు ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను, అవ్వ అంటే మా అమ్మే, సారక్క, మా వైపు అమ్మను అవ్వా అనే పిలుస్తాం. కోడిగుడ్డులోకి ఒకటి కాదు, పదులకొద్దీ దూరుతాయట అవ్వా, అన్నీ లోపలికి పోతాయి, ఒక్కటి పనికొస్తుంది, మిగతావి మూలకు పోయి చడీచప్పుడు లేకుండా చచ్చిపోతాయట అన్నాను. అవ్వ పొదుగుడు కోడి కింద చెయ్యి పెట్టి గుడ్లు తడుముతూ, "అందుకేనా ఆ పుంజుకు అంత పొగరు" అంది. కోడిపెట్టకు పర్వాలేదు, మనిషికి ఎందుకు పర్వా? ఎవరు పెట్టారు ఈ నియమం? అరటిపండు ఉంది. చౌరస్తాలో బండి మీద గెలలు గెలలుగా అమ్మే అరటిపండులో తల్లివీ తండ్రివీ కలిపి రెండు వంతులు కాదు, మూడు వంతులు ఉంటాయి, అందుకే దాంట్లో గింజ ఉండదు. తియ్యగా ఉంటుంది, బలంగా ఉంటుంది, పిలకతో బతుకుతుంది. మొక్క మోయగలిగిన మూడో వంతును మనిషి ఎందుకు మోయలేడో, పుస్తకాలు మోయలేడని చెబుతాయి తప్ప ఎందుకో సరిగా చెప్పవు. చాలావరకు కడుపులో నిలవకుండా మొదటి నెలల్లోనే పోతాయి. పోనివి ఇంకా ప్రమాదం. బిడ్డకు బదులు మాయ నీటిబుడగల గుత్తిలా ఉబ్బుతుంది, ముత్యాల గర్భం అంటారు, పేరు ఎంత ముద్దుగా ఉందో పని అంత దుర్మార్గం, వాంతులు, ఉబ్బిన పొట్ట, ఉన్నట్టుండి రక్తం.

రక్తం అనుకోగానే ఆ ఆటో గుర్తొచ్చింది. వదినకు ట్యూబులో గర్భం నిలిచి, ట్యూబు పగిలిన రోజు. నేను ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. వదిన మొహం తెల్లకాగితంలా అయిపోయి, అంత తెల్లటి మొహంతో, "పొయ్యి మీద పప్పున్నది, బంద్ చెయ్యమని చెప్పు" అంది. బతికింది. ఒక ట్యూబు తీసేశారు, రెండోది మూసుకుపోయిందని తర్వాత తేలింది, అందుకే ఈ గాజు డిష్, ఈ మందులు, ఈ నేను. మూడో వలయాన్ని చూడనట్టు ఊరుకుని ఆమె కడుపులో పెడితే, ఇంకోసారి ఆ ఆటో ఎక్కవలసి రావచ్చు. లేదా ఎక్కనక్కర్లేకపోవచ్చు. అది వలయమే కాకపోవచ్చు కదా!

అవును. కాకపోవచ్చు. ఒట్టి బుడగ అయి ఉండవచ్చు. గుడ్డులో అప్పుడప్పుడు నీటిబుడగ ఏర్పడి, గుండ్రంగా, అచ్చం వలయంలాగే ఉండి, చూసేవాళ్లను మోసం చేస్తుంది. తేడా ఒక్కటే. అసలు వలయంలో ఆవగింజల్లాంటి చుక్కలుంటాయి. బుడగలో ఏమీ ఉండవు. దీంట్లో చుక్కలున్నాయా? మొదటి రెండింటి వెనక నక్కి ఉంది కాబట్టి కనిపించలేదు. మళ్లీ బయటికి తీశాను, మళ్లీ కన్ను పెట్టాను. బుడగే. బుడగలానే ఉంది. ఖాళీగా, నిర్మలంగా, అమాయకంగా. కాదు, ఆ అంచున ఏదో ఉంది. ఏమీ లేదు. ఉంది.

తలుపు అద్దం మీద టకటక. అన్న నిద్ర లేచాడు.

"ఏమన్న తెలిసిందానే?"

"ఇంకా జరసేపన్నా."

"ఏందే, నీ మొఖం గట్లున్నది?"

"మాస్కు పెట్టుకున్న. నా మొఖం నీకేడ కనవడ్డది?"

"కండ్లు కనవడ్తలేవా?" అని, కాసేపు అద్దానికి ముక్కు ఆనించి నిలబడి, "సరే, మీ వదినకు చాయ్ తెస్త. నీకు గూడ తేవాల్నా?" అన్నాడు. వద్దన్నాను. గనిలో బొగ్గు గోడను కూల్చే యంత్రం నడిపే మనిషి, ఇక్కడ దవాఖాన చెప్పుల్లో శబ్దం కాకుండా అడుగులు వేస్తూ వెళ్లాడు.

డిష్‌ను లోపల పెట్టాను. ఆగాలి. ఈసారి బుర్ర ఎక్కడికి పోయిందంటే కొమురెల్లి కాక దగ్గరికి. మా పాత క్వార్టర్ల వెనక లైనులో ఉండేవాడు, ఇద్దరు భార్యలు, ఇద్దరికీ చెరొక కొడుకు, ఇద్దరు కొడుకులూ ఒకే ఎత్తు, ఒకే మీసం. కాకకు ఊపిరితిత్తులు చెడి పనికి అన్‌ఫిట్ అయ్యాడు. మా దగ్గర తండ్రి నౌకరీ వారసుడికి వస్తుంది, అయితే ఒక్క నౌకరీకి ఒక్క వారసుడే. పెద్దామె కొడుకు లింగమూర్తి నాదన్నాడు. చిన్నామె కొడుకూ నాదన్నాడు. పెద్దమనుషులు కూర్చోబెట్టారు, యూనియన్ నాయకులు కూర్చోబెట్టారు, ఎవరూ తగ్గలేదు, చివరికి కోర్టుకెక్కారు. కోర్టు తేల్చేలోగా ఇద్దరికీ నౌకరీ వయసు దాటిపోయింది. ఇప్పుడు ఒకడు ఆటో నడుపుతాడు, ఇంకొకడు అదే ఆటో స్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తాడు, తమ్ముడి బజ్జీలు అన్న తింటూ, ఆ నౌకరీ ఉంటే ఎవరిది అయ్యేదని ఇవాళ్టికీ పోట్లాడుకుంటారు. "ఒక్క కుర్చీల ఇద్దరు కూసుంటే ఇరిగేది కుర్చే" అనేది అవ్వ. ఇద్దరూ సమర్థులే. ఇద్దరూ ఆ తండ్రి కొడుకులే. అదే విచిత్రం. గుడ్డులోకి దూరిన రెండు కణాల్లోనూ ఏ లోపమూ లేకపోవచ్చు, ఏ ఒక్కటి దూరినా చక్కటి బిడ్డ పుట్టేది. కానీ పోలిక ఇక్కడితో ఆగిపోతుంది, లింగమూర్తికి వెనక్కి తగ్గే అవకాశం ఉండింది. కణానికి లేదు. లోపలికి వచ్చాక దానికి వెనక్కి నడవడం తెలియదు. పైగా అది రెండోదని దానికే తెలియదు. మొదటిదాన్నే అనుకుంటుందేమో! ఏది మొదటిదో, ఏది రెండోదో నాకూ తెలియదు. ఎవరిని దొంగ అనాలి?

చాయ్ వాసన తలుపు సందులోంచి వస్తోంది. వాళ్లు తాగుతున్నారు. వదిన గ్లాసు అడుగున చివరి గుటక ఎప్పుడూ వదిలేస్తుంది. నేను బుడగ అని చెబితే ఆ గుటక కూడా తాగేస్తుందేమో. బుడగ అని చెప్పడం ఎంత తేలిక. పైగా అది అబద్ధమని కచ్చితంగా నాకే తెలియనప్పుడు! నేను చూసినంతలో బుడగలా ఉంది. నేను చూసినంతలో. ఆ మాట దగ్గర ఏదో కాలికి తగిలినట్టయింది.

బాపు కూడా అలాగే అనేవాడు, నేను విన్నంతలో అని. బాపు అంటే మా నాన్న, పోశం, బొగ్గు బాయి లోపల సర్దార్‌గా చేశాడు. షిఫ్టు మనుషులు బొగ్గు దగ్గరికి పోకముందే తాను ముందు పోయి, పొడుగు కర్రతో పైకప్పు బండను కొట్టి వినడం ఆయన పని. ఖంగుమంటే గట్టి బండ, మనుషులు లోపలికి రావచ్చు. డొల్లగా మోగితే బండ వదులైంది, అడ్డంగా దుంగలు కట్టి ఎవరినీ పోనివ్వరు. బతుకంతా ఆ చప్పుడు వినే బతికాడు, రిటైరయ్యాక కూడా పుచ్చకాయ కొనడానికి పోతే అదే వినికిడి. కానీ మా మేనమామ ఆ జట్టులో ఉన్న రోజున బాపు కర్ర పట్టేవాడు కాదు. ఇంకో సర్దార్‌ను పిలిచి, నువ్వు కొట్టు అనేవాడు, తాను దూరంగా నిలబడేవాడు. ఎందుకని అడిగాను ఒకసారి. "ఆనాడు నా చెవి నా మాటినుడే గాని బండ మాటినది బిడ్డా" అన్నాడు. తన వాళ్లు ఉన్న చోట డొల్ల బండ కూడా గట్టిగా మోగినట్టే వినిపిస్తుందట, లేదంటే భయంతో గట్టి బండ కూడా డొల్లగా. రెండూ నష్టమే. ఒకటి ప్రాణానికి, ఇంకొకటి కూలికి.

నా కన్ను నా మాటే వింటోంది. పొద్దుటి నుంచీ.

ఫోన్ తీశాను. లిడియక్క. నాకు ఈ పని చేతులు పట్టుకుని నేర్పిన మనిషి, ఇక్కడి శ్రీరాంపూర్ పిల్లే, ఇప్పుడు కరీంనగర్‌లో పెద్ద ల్యాబు చూసుకుంటోంది. ఫొటో పంపాను, వెంటనే ఫోన్ చేశాను.

"ఏందే ఇది, బాయి లోపల కూసోని తీసినవా? గింత చీకటి."

"అక్కా, జర జల్ది చూడు."

"చూస్తున్న. ఎవలది?"

"ఎవలదైతే ఏందక్కా?"

"ఏందక్కా అన్నవంటే నీకు కావల్సినోళ్లదే అన్నట్టు. ఎవలదే హర్షిణీ?"

"మా వదినది."

అక్క గొంతు మారింది, నాకు మొదటిసారి పిపెట్ పట్టుకోవడం నేర్పినప్పటి గొంతు. "వీడియో పెట్టు. ఫోన్ మైక్రోస్కోపు తెర ముందట నిలవెట్టు. గుడ్డును మెల్లగ దొర్లియ్యి. నీకేం కనవడ్తున్నదో నాకు చెప్పకు. నోరు తెరవకు. నేనే చెప్త."

సన్నటి గాజు పిపెట్ కొసతో గుడ్డును తాకాను. అది చక్రంలా కాదు, నిద్రలో పక్కకు ఒత్తిగిలే పిల్లలా, సోమరిగా దొర్లింది. లోపలి వలయాలు ఒకదాని మీద నుంచి ఒకటి జరిగాయి. ముందున్న రెండూ కొంచెం ఎడంగా అయ్యాయి, వెనకాలది వెలుగులోకి వచ్చింది, నేను కళ్లు మూసుకోవాలనుకున్నాను, మూసుకోలేదు, ఎందుకంటే అన్ని భయాల కింద, సిగ్గు లేకుండా, చూడాలనే ఉంది నాకు. లోపల ఏముందో చూడాలని. ఎనిమిదో తరగతిలో పొదుగుతున్న గుడ్డును ఎండకు పట్టి చూసి అవ్వ చేతి దెబ్బలు తిన్నది ఈ కళ్లే.

"ఆపు," అంది లిడియక్క. "గక్కడ్నే. గింజలున్నయే. మూడిట్లనూ ఉన్నయి."

ఉన్నాయి. ఆవగింజల్లా, వరసగా. బుడగ కాదు.

"పక్కకు చిన్న గుళికలెన్ని?"

గుడ్డు తన వాటాలో మిగులును బయటికి నెట్టేస్తుంది, ఆ నెట్టేసినవి అంచున చిన్న గుళికల్లా కనిపిస్తాయి. ఒకటే ఉంటే గుడ్డు తన మిగులు వదలక మూడోది మిగిలిందని. రెండుంటే గుడ్డు తన పని తాను సక్రమంగా చేసిందని, అదనంగా వచ్చింది బయటి నుంచేనని. "రెండు," అన్నాను.

"అయితే రెండు దూరినయి." అంది అక్క. "నీ తప్పుగాదు పిల్లా. మంచిగున్న గుడ్లల్ల గూడ అయితది. నాక్కూడ అయినయి. డాక్టరమ్మకు చెప్పు. ఆగు, పెట్టకు ఫోన్. ఏడుస్తున్నవా?"

"లేదు."

"ఏడువు. కని డిష్ మీద గాదు."

డాక్టరమ్మ ఇంకో దవాఖానలో ఆపరేషన్ మధ్యలో ఉంది, నర్సు ఆమె చెవి దగ్గర ఫోన్ పెట్టింది. విని, కడుపులో పెట్టేది లేదు, నేను వచ్చేదాకా ఆగినా సరే, నువ్వే చెప్పినా సరే, ఏముందో అదే చెప్పు అంది. ఆగొచ్చు. ఆమె వచ్చేదాకా ఈ తలుపు వెనకే కూర్చోవచ్చు. కానీ వదిన చాయ్ తాగేసి ఉంటుంది, ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని ఈ తలుపునే చూస్తూ ఉంటుంది. మాస్కు తీసి బయటికి వెళ్లాను. గ్లాసు అడుగున గుటక అలాగే ఉంది.

"వదినా, ఒక్కటి కలిసింది. కని మంచిగ కలువలే. ఒకటి పోవాల్సిన కాడ రెండు పోయినయి."

అన్న మొహం ఒక్కసారి వెలిగిపోయింది. లేచి నిలబడ్డాడు. "రెండా? అంటే కవలలానే? జమునా, ఇన్నవా, కవలలట!" నేను ఆపేలోగా ఆమె భుజం పట్టుకుని ఊపేశాడు, చాయ్ నేల మీద పడింది. ఊరంతా చేసే పొరపాటే అది, రెట్టింపు వస్తే రెట్టింపు లాభమని, ఒక షిఫ్టు మీద ఇంకో షిఫ్టు చేస్తే రెండు హాజరు మస్టర్లు పడ్డట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఊపుతూనే ఉన్నాను. అన్న చేతులు నెమ్మదిగా కిందికి దిగాయి.

వదిన నా మొహం చూసి, "నాకు చూపిస్తవా?" అంది.

డాక్టరమ్మ గదిలో కూడా ఒక తెర ఉంది, మైక్రోస్కోపులో కనిపించేది అందులో పడుతుంది, మంచి రోజుల్లో దంపతులకు చూపించేది. వదిన ఒక్కతే వచ్చింది. అన్న గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. తెర మీద గుడ్డు వెన్నెలంత తేటగా నిలబడింది. వదిన ముందుకు వంగింది. ఆమె ఏడుస్తుందని సిద్ధంగా ఉన్నాను. ఆమె చూస్తోంది. చిన్నప్పుడు సంతలో గారడీవాడి పెట్టెలోకి చూసినట్టు, కళ్లు కొద్దిగా చికిలించి.

"ఇదేనా?"

"ఇదే."

"ఎంత మంచిగున్నదే! గుండ్రంగ." కాసేపటికి, "ఇందుల నాదేది?" అంది.

"తండ్రియి జర పెద్దగుంటయి. గీ చిన్నది నీదే కావచ్చు."

"నాదొకటి. మీ అన్నయి రెండు." ఆమె పెదవి ఒక వైపు లేచింది. "ఇంట్ల గూడ గంతే గదా. నేనొకటంటె ఆయన రెండంటడు." గుమ్మంలో అన్న తల వంచుకున్నాడు. నవ్వాడో, ఇంకేమన్నా చేశాడో, చూడలేదు నేను.

"పెడితే ఏమైతది?"

చెప్పాను. నిలవదని. నిలిస్తే ఇంకా ప్రమాదమని. మొదటిది రాగానే మూసుకోవలసిన తలుపు, ముత్యాల గర్భం, రక్తం, అన్నీ. ఆమె తెర మీద నుంచి చూపు తిప్పకుండా విన్నది.

"నువ్వు చెప్పకపోతే ఎవలకన్న తెలుస్తుండెనా?"

"తెల్వకపోతుండె."

"మధ్యాహ్నం దాక ఊకుంటే నీకు గూడ తెల్వకపోతుండె?"

నేను తలూపాను. ఆమెకు అది ఎలా తట్టిందో తెలియదు. నా కళ్లలోనే చదివిందేమో.

"మరెందుకు చెప్పినవే?" గొంతు పగిలింది. ఇప్పుడు పగిలింది. "నువ్వు గావాలె మాకు," అన్నాను. అన్నాక, అది మా అన్న అనవలసిన మాట కదా అని సిగ్గేసింది. వదిన రెండు అరచేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి, శబ్దం లేదు. అన్న లోపలికి వచ్చి, ఏం చేయాలో తెలియక, ఆమె కొంగు నేలకు జీరాడుతుంటే తీసి ఒళ్లో పెట్టాడు. తెర మీద గుడ్డు తన పాటికి తాను వెలుగుతోంది, మూడు వలయాలతో, తన గురించి ఇంత జరుగుతోందని తెలియకుండా.

చాలాసేపటికి వదిన ముక్కు తుడుచుకుని లేచింది. "పాండి, ఇంటికి పోదాం. రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేదు మీకు," అని అన్నను ముందు నడవమని చేత్తో చూపించింది. తాను గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఇంకోసారి తెరను చూసింది. ఆ చూపులో ఏడుపు తడి ఆరలేదు, అయినా అందులో ఇంకేదో కూడా ఉంది. నాకు బాగా తెలిసినదే.

"రెండోదానికి తలుపెట్ల తెరిసిందే అది?" అంది. "మొదటిది రాంగనే మూసుకుంటదంటివి గదా."

"మూసుకునేలోపు వచ్చింది కావచ్చు వదినా. లేకపోతే తలుపే సరిగ పడలే కావచ్చు. నాకు తెల్వది. ఎవ్వలకూ పక్కాగ తెల్వది."

ఆమె ఆ మాటను ఒక క్షణం మనసులో తిప్పి చూసింది.

"సాయంత్రం ఇంటికి రా," అంది. "ఇంకా అడిగేటియి ఉన్నయి నాకు."

"తెల్వదంటున్న గదా వదినా."

"తెల్వకుంటె తెల్వకపాయె. రా."